ఇంట్ల తెలుగు బందు పెడితే ఇంగ్లిషు వస్తదా?

"పిలగానితోటి ఇంట్ల తెలుగు మాట్లాడకుండ్రి, ఇంగ్లిషు ఖరాబైతది." ప్రైవేటు బడిల పిల్లలను చేర్పించిన తల్లిదండ్రులల్ల ఈ మాట వినని వాళ్లు తక్కువ. మీటింగుకు పిలిచి, కుర్చీల కూసోబెట్టి, సారో మేడమో మర్యాదగనే చెప్తరు. ఆ తల్లికి వచ్చిన ఇంగ్లిషు నాలుగు ముక్కలు. కమ్, సిట్, ఈట్, స్లీప్. ఇగ ఆనాటి సంది తల్లీబిడ్డల నడుమ నాలుగు ముక్కల సంసారమే. కథలు బందు. పొడుపుకథలు బందు. వాన ఎందుకు పడ్తది, కోడి ఎందుకు కూస్తది అని పిలగాడు పొద్దంత అడిగే ప్రశ్నలు బందు. అడిగినా జవాబు చెప్పేటందుకు తల్లి దగ్గర మాట లేదాయె!

ఈ సలహా ఎనుక ఒక నమ్మకం ఉన్నది. మనిషి నెత్తి ఒక బిందె అని, అండ్ల తెలుగు నిండితే ఇంగ్లిషుకు జాగ మిగలదని. సర్కారు బడుల మీద జరిగిన చర్చలల్ల కూడ మనకు ఇదే బిందె ఎదురైంది. ఒకడు తెలుగు పారబోయాలె అంటడు, ఇంకొకడు ఇంగ్లిషు పారబోయాలె అంటడు. ఇద్దరి నెత్తిల ఉన్న బిందె ఒక్కటే.

ముందుగాల ఒక మాట తేల్చుకుందం. మేం ఇంగ్లిషుకు శత్రువులం కాదు. దళిత, బహుజన, ఆదివాసీ పిల్లలకు ఇంగ్లిషు వద్దనే హక్కు ఎవ్వనికీ లేదు. సొంత పిల్లలను కాన్వెంటుకు తోలి, ఊరి పిల్లలకు మాతృభాష మహిమ బోధించే పెద్దమనుషులను మనం చానమందిని చూసినం. మా పేచీ బిందెతోటి. మనసు భాషను ఎట్ల పట్టుకుంటది అన్నదాని మీద యాభై ఏండ్లుగ జరిగిన పరిశోధన ఏదీ ఆ బిందెను ఒప్పుకోదు. ఈ సంగతి యూనివర్సిటీలల్ల తెలుసు. బడి దాకా మాత్రం రాలే.

పసిపిల్లల నుంచే మొదలుపెడుదం. మాటలు రాని పిల్లకు ఏం వినిపిస్తదో ఎట్ల తెలుస్తది? కెనడాల జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1984ల ఒక పరీక్ష ఫలితం అచ్చేసిండ్రు. అది మనకు ఇట్టే అర్థమయ్యే పరీక్ష, ఎందుకంటే అది త, ట ముచ్చట. హిందీల త వేరు, ట వేరు. తెలుగుల కూడ అంతే. ఇంగ్లిషుల ఆ తేడా లేదు. పిల్లను తల్లి ఒళ్లె కూసోబెట్టి ఒక శబ్దాన్ని అదేపనిగ వినిపిస్తరు. నడుమ రెండో శబ్దానికి మారుస్తరు. శబ్దం మారినప్పుడు తల తిప్పితే పక్కన ఆటబొమ్మ కదులుతది. తేడా పట్టిన పిల్ల తల తిప్పుతది, పట్టని పిల్ల ఊరుకుంటది. ఇంగ్లిషు ఇండ్లల్ల పుట్టిన పిల్లలు 6 నుంచి 8 నెలల వయసుల ఆ తేడాను మంచిగ పట్టిండ్రు. 10 నుంచి 12 నెలలు వచ్చేసరికి దాదాపుగ పట్టలేకపోయిండ్రు. హిందీ ఇండ్ల పిల్లలకు మాత్రం ఆ వయసుల కూడ తేడా తెలుస్తనే ఉన్నది.

అంటే ఏడాది నిండకముందే మనసు తన ఇంటి భాషకు చెవిని సదురుకుంటది. పనికొచ్చే తేడాలను దగ్గర పెట్టుకుంటది, పనికిరానివాటిని వదులుకుంటది. ఇంగ్లిషాయన "టెలుగు", "టెలంగాణ" అంటే మనకు కోపమొస్తది గాని అది పొగరు కాదు. ఆయన చెవి ఏడాది వయసులనే ఆ తలుపు దగ్గరేసింది. మన తలుపులు మనకున్నయి. ఇంగ్లిషుల పంటితోటి పలికే వ ఒకటి, పెదవులు గుండ్రంగ చేసి పలికే వ ఒకటి. మనకు రెండూ ఒక్క తీరే. మన మాట అచ్చుతోటి ముగియాలె కాబట్టి బస్ మనకాడికి వచ్చి బస్సు అయితది, రోడ్ రోడ్డు అయితది, లైట్ లైటు అయితది. చదువురాని వాళ్ల తప్పు అని నవ్వుతరు గాని ఇది తప్పు కాదు. మొదటి భాష రెండో భాషకు తన అంగి తొడిగి లోపలికి రానిస్తున్నది.

ఇంకో సంగతి. మనం మాట్లాడేటప్పుడు మాటకూ మాటకూ నడుమ ఖాళీ ఉండదు. రాతల ఉంటది, నోట్లె ఉండదు. తెల్వని భాష విన్నప్పుడు అంతా ఒక్కటే ధార లెక్క వినిపించేది అందుకే. మరి పసిపిల్ల ఆ ధారల నుంచి మాటలను ఎట్ల ఏరుకుంటది? 1996ల అమెరికాల జెన్నీ సాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిస్సా న్యూపోర్ట్ 8 నెలల పిల్లలకు అర్థం లేని అక్షరాల ధారను రెండంటే రెండు నిమిషాలు వినిపించిండ్రు. ఏ అక్షరం ఎనుక ఏ అక్షరం ఎక్కువసార్లు వస్తదో పిల్లలు అంతల్నే లెక్క పట్టిండ్రు. ఎక్కడ మాట అయిపోతదో, ఎక్కడ మొదలైతదో వాళ్లకు తెలిసింది. ఎక్కాలు రాని పిల్ల చేసే లెక్క ఇది. అయితే యంత్రం ముందట కూసోబెడితే భాష వస్తదని మురవద్దు. ప్యాట్రీషియా కూల్ బృందం 2003ల అమెరికా పిల్లలకు 9 నెలల వయసుల చైనా భాష మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుంగ కూసొని ఆడిస్తూ మాట్లాడితే పిల్లలు ఆ శబ్దాలను పట్టిండ్రు. అదే మనిషి వీడియోల కనపడితే ఏమీ పట్టలే. ఫోన్‌ల ఇంగ్లిషు రైమ్స్ పెట్టి ఇచ్చి, భాష నేర్పుతున్నమని అనుకునే వాళ్లు ఈ పరీక్షను యాది పెట్టుకోవాలె.

ఇప్పుడు మన ఊరి పిల్ల దగ్గరికి వద్దం. బడికి పోయేనాటికి ఆ పిల్ల నెత్తిల ఏమున్నది? ఒక పూర్తి వ్యాకరణం ఉన్నది. వినేటోన్ని కలుపుకొని చెప్తే "మనం", ఇడిసిపెట్టి చెప్తే "మేం" అనాలని ఆ పిల్లకు ఎవరూ పాఠం చెప్పలే. ఇంగ్లిషుల రెండిటికీ ఒక్కటే మాట. (ఈ వ్యాసాన్ని ఇంగ్లిషులకు మార్చాలంటే ఎక్కడ మేమో, ఎక్కడ మనమో తెల్వక మార్చేటాయన తల పట్టుకుంటడు.) కండ్ల చూసింది చెప్తే "వచ్చిండు", ఎవరో చెప్పంగ విన్నది చెప్తే "వచ్చిండట". ఆ ఒక్క "అట" కోసం ఇంగ్లిషుల ఒక వాక్యం కట్టాలె. గింత సూక్ష్మం తెలిసిన పిల్లను బడి మొదటిరోజు ఏమంటది? నీకు భాష రాదంటది.

ఎందుకంటే ఆ పిల్ల "వస్తది" అన్నది, పుస్తకంల "వస్తుంది" అని ఉన్నది. మన పిల్ల అంగి అంటది, పుస్తకం చొక్కా అంటది. పల్లికాయ వేరుశనగ అయింది, ఆలుగడ్డ బంగాళాదుంప అయింది, తొవ్వ దారి అయింది, అర్ర గది అయింది. వాచకం తెలుగు ప్రధానంగ కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నోళ్ల మాట మీద నిలబడ్డదని భాషాశాస్త్రం చదివినోళ్లందరికీ తెలుసు. అక్కడి పిల్లకు వాచకం ఇంటి మాటకు కొనసాగింపు. మన పిల్లకు అది సగం రెండో భాష. కాని ఎవరూ దాన్ని రెండో భాష అనలే. అంటే రెండో భాష నేర్పినట్టు ఓపికగ నేర్పేటోళ్లు. దాన్ని శుద్ధమైన మొదటి భాష అన్నరు, మన మొదటి భాషను తప్పు అన్నరు. "వస్తది" అనేది "వస్తుంది" విరిగితే వచ్చిన ముక్క కాదు. వస్తది, పోతది, ఉంటది, అయితది అని ఒక్క తీరుగ నడిచే నియమం అది. నియమం ప్రకారం నడిచేదాన్ని తప్పు అంటే, పిల్ల మనసుల నియమం మీదనే నమ్మకం పోతది. ఇగ ఆ పిల్ల నోరు మూసుకుంటది. క్లాసుల ఎనుక బెంచీల మౌనం కొంత తెలివితక్కువతనం కాదు, గిది. సినిమాలల్ల రౌడీకి, హాస్యగానికి మన మాట పెట్టి, నాయకునికి వాచకం మాట పెట్టిన ముచ్చట అందరం ఎరిగిందే. ఆఫీసులల్ల, హాస్టళ్లల్ల నోరు తెరిస్తే నవ్విన నవ్వులు ఉద్యోగులు, విద్యార్థులు ఇంకా మర్చిపోలే.

ఇది మన దగ్గర్నే కాదు. అమెరికాల ఆన్ ఆర్బర్ అనే ఊర్ల నల్లజాతి పిల్లల తల్లులు బడి మీద కోర్టుకు పోయిండ్రు. ఇంట్ల మాట్లాడే నల్లవాళ్ల ఇంగ్లిషును పట్టించుకోకపోవుడుతోటి పిల్లలకు చదవడం రాకుంట పోతున్నదన్నది వాళ్ల వాదన. విలియం లబోవ్ లాంటి భాషాశాస్త్రవేత్తలు సాక్ష్యం చెప్పిండ్రు, అది చెడిపోయిన ఇంగ్లిషు కాదు, నియమాలున్న మాట అని. 1979ల జడ్జి తల్లుల దిక్కు తీర్పు చెప్పిండు. పిల్లల ఇంటి మాటను గుర్తించి, దాన్ని తెలుసుకొని చదువు చెప్పేటట్టు టీచర్లకు సాయం చేయమని బడికి ఆర్డరేసిండు. ఇంటి మాటల పాఠం చెప్పమనలే, ఇంటి మాటను ఎరిగి పాఠం చెప్పమన్నడు. ఈ తేడా బాగ గుర్తుంచుకోవాలె.

మరి రెండో భాష మనసుల ఎక్కడ కూసుంటది? పక్కకు వేరే అర్ర కట్టుకుంటదా? 1997ల న్యూయార్కుల 12 మంది రెండు భాషలోళ్ల మెదడును స్కాన్ చేసి చూసిండ్రు. చిన్నతనంల రెండూ కలిసి నేర్చినవాళ్లకు మాట కట్టే భాగంల రెండు భాషలూ ఒక్క చోటనే పని చేస్తున్నయి. పెద్దయినంక నేర్చినవాళ్లకు పక్కపక్కన రెండు చోట్ల కనపడ్డయి. అర్థం చేసుకునే భాగంల మాత్రం అందరికీ కలిసే ఉన్నయి. రెండో భాష ఎంత బాగ వస్తే, రెండూ అంత దగ్గరికి వస్తయని తర్వాతి పరిశోధనలు చెప్పినయి. మైఖేల్ స్పైవీ, వియొరికా మరియన్ 1999ల ఇంకో తమాష చూపెట్టిండ్రు. రష్యన్, ఇంగ్లిషు రెండూ వచ్చినవాళ్ల ముందట వస్తువులు పెట్టి, రష్యన్‌ల "మార్కు" తీయమన్నరు. రష్యన్‌ల ఆ మాటకు పోస్టు స్టాంపు అని అర్థం. వాళ్ల కన్ను ఒక్క రెప్పపాటు ఇంగ్లిషు మార్కర్ పెన్ను దిక్కు పోయి వచ్చింది. అంటే ఒక భాషల వింటున్నప్పుడు రెండోది నిద్రపోతలేదు. రెండు దీపాలూ ఎప్పుడూ వెలిగే ఉంటయి. పట్నంల "కాల్ వచ్చింది" అంటే, "కాలు" అనే మాట కూడ లోపల ఒక్కసారి కదిలే ఉంటది. ఇట్ల ఎప్పుడూ కలిసి మెదిలే వాటిల ఒకదాన్ని బందు పెట్టమంటే ఎట్ల బందైతది?

లెక్కల సంగతి ఇంకా చిత్రం. ఎలిజబెత్ స్పెల్కీ, సనా సివ్‌కిన్ 2001ల అచ్చేసిన పరీక్ష ప్రకారం, కచ్చితమైన లెక్కలు ఏ భాషల నేర్చుకుంటే ఆ భాషలనే జల్ది వస్తయి. ఉజ్జాయింపు లెక్కకు భాషతోటి పని లేదు. మన తాతలను యాది చేసుకోండ్రి. ఇంట్ల తెలుగు, బడిల ఉర్దూ మీడియం. తెలుగుల ముచ్చట పెట్టుకుంటనే "పాంచ్ పచ్చీస్" అని కూడికలు ఉర్దూల చేసేటోళ్లు. 1918ల పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీ డాక్టరు చదువు, ఇంజినీరు చదువు కూడ ఉర్దూల చెప్పింది. దేశభాషల సైన్స్ చెప్పలేమనే వాళ్లకు అది గట్టి జవాబు. దానికోసం అనువాదాల శాఖనే పెట్టి పుస్తకాలు తయారుచేసిండ్రు. కాని ఈ రాజ్యంల ఎక్కువమందికి ఇంటి భాష ఉర్దూ కాదు, తెలుగు, మరాఠీ, కన్నడ. కాబట్టి చదువు వాళ్లకు అప్పుడూ రెండో భాషలనే. పోలీసు చర్య తర్వాత ఇంగ్లిషు వచ్చింది, తెలుగు మీడియం బడులు పెరిగినంక వాచకం తెలుగు వచ్చింది. మూడు తరాలల్ల మూడు భాషలు మారినయి. ఇంటి మాట మాత్రం ఏ తరంల బడి గడప లోపలికి రాలే.

అదే మన నేల ఇంకో పాఠం కూడ చెప్పింది. హైదరాబాదు నిమ్స్ దవాఖానల డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె తోటివాళ్లు మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా వచ్చిన 648 మంది వివరాలు చూసిండ్రు. అండ్ల 391 మందికి రెండు, అంతకన్న ఎక్కువ భాషలు వచ్చు. ఒక్క భాష వచ్చినవాళ్లకంటే వీళ్లకు జబ్బు సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగ మొదలైంది. ఫలితం 2013ల అచ్చయింది. దీనికంటే ముందు కెనడాల కూడ ఇట్లాంటి ఫలితం వచ్చింది గాని, అక్కడ రెండు భాషలోళ్లల్ల చానమంది వలస వచ్చినవాళ్లు కాబట్టి కారణం వలసనో భాషనో తేల్చుడు కష్టమైంది. హైదరాబాదుల ఆ చిక్కు లేదు. తెలుగు, ఉర్దూ, హిందీ గల్లీలల్లనే పుట్టి పెరిగినవాళ్లు. అసలు ముచ్చట ఏందంటే, బడి ముఖం చూడనివాళ్లల్ల కూడ ఈ తేడా కనపడ్డది. అంటే ఇది చదువు చేసిన మేలు అని కొట్టేయరాదు. అన్ని దేశాల పరిశోధనలు ఇట్లనే చెప్పలే, శాస్త్రవేత్తల నడుమ వాదన నడుస్తనే ఉన్నది. కాని రెండు భాషలు నెత్తికి బరువు అని మాత్రం ఏ దిక్కు వాదించేటోళ్లూ అంటలేరు. అంగట్ల తెలుగు, మోండాల ఉర్దూ మాట్లాడి కూరగాయలమ్మిన ముసలవ్వకు ఈ సంగతి ఎవరూ చెప్పకున్నా వచ్చు.

"చిన్నప్పుడే వస్తది, పెద్దయితే రాదు, అందుకే ఎల్‌కేజీ నుంచే ఇంగ్లిషు మీడియం" అనేటిది ఇంకో వాదన. ఇండ్ల నిజం కొంత ఉన్నది. ఉచ్చారణ చిన్నతనంల పట్టినట్టు పెద్దతనంల పట్టదు. ఇంగ్లిషోడు మాట్లాడినట్టే రావాల్నంటే 10, 12 ఏండ్ల లోపల మొదలుపెట్టాలె. కాని జాషువా హార్ట్‌షోర్న్, జోషువా టెనెన్‌బామ్, స్టీవెన్ పింకర్ 2018ల దాదాపు 6 లక్షల 70 వేల మంది జవాబులు లెక్కగట్టి చెప్పిందేందంటే, వ్యాకరణం పట్టే శక్తి 17 ఏండ్ల దాకా పెద్దగ తగ్గదు. అయిదేండ్లకే తలుపు మూసుకుంటదని పిల్లలను పరుగు పెట్టించాల్సిన పని లేదు. ఇంగ్లిషు జల్దిగ వినిపియ్యండ్రి, ఆడించండ్రి, పాడించండ్రి. మేం ఎవ్వరం వద్దనం. కాని ఇంగ్లిషు నేర్పుడు వేరు, రాని ఇంగ్లిషుల లెక్కలు, సైన్స్ చెప్పుడు వేరు.

ఈ తేడాను టొరంటోల జిమ్ కమిన్స్ తేల్చి చెప్పిండు. కెనడాకు వలస వచ్చిన పిల్లలు రెండేండ్లల్ల ఆటల ఇంగ్లిషు మంచిగ మాట్లాడుతరు. అది చూసి సార్లు వీళ్లకు భాష వచ్చేసిందని అనుకుంటరు. కాని పుస్తకం ఇంగ్లిషుల, అంటే కారణం చెప్పే, పోల్చే, వాదించే ఇంగ్లిషుల తోటి పిల్లలను అందుకునేటందుకు 5 నుంచి 7 ఏండ్లు పడ్తది. ఒక భాషల ఆలోచించుడు గట్టిగ నేర్చిన పిల్ల ఆ శక్తిని రెండో భాషలకు తీసుకపోతది. భిన్నం అంటే ఏందో తెలుగుల అర్థమైన పిల్లకు ఇంగ్లిషుల కొత్త మాట ఒక్కటి నేర్చుకుంటే చాలు. తెలుగుల అర్థం కానిది, ఇంగ్లిషుల చిలక పలుకైతది. గమనించండ్రి, ఆ కెనడా పిల్లలకు చుట్టూ ఇంగ్లిషు ఉన్నది. దుకాణంల, బస్సుల, ఆటల అంతా అదే. మన జనగామ పక్క ఊర్లె, మన అచ్చంపేట తండాల ఇంగ్లిషు బ్లాక్‌బోర్డు మీద తప్ప ఇంకెక్కడ ఉన్నది?

తెలంగాణల 2022-23 నుంచి సర్కారు బడులల్ల 1 నుంచి 8 తరగతుల దాకా ఇంగ్లిషు మీడియం మొదలుపెట్టిండ్రు. జాతీయ విద్యా విధానం 2020 ఏమో వీలైనంత మేర అయిదో తరగతి దాకా ఇంటి భాషలనే చెప్పాల్నన్నది. 2018 చట్టంతోటి అన్ని బడులల్ల తెలుగు తప్పనిసరి సబ్జెక్టు అయింది. కాయితాల మీద అందరూ అన్నీ చేసిండ్రు. ఇంగ్లిషు మీడియంతోటి పాటు సర్కారు రెండు భాషల పుస్తకం అచ్చేసింది, ఒక పేజీల ఇంగ్లిషు, ఎదురు పేజీల తెలుగు. మా లెక్కల అన్నిట్లకంటె మంచి పని గదే. అది మనసు పని చేసే తీరుకు దగ్గరగ ఉన్నది. అయితే పుస్తకం ఒక్కటే సరిపోదు. సార్లకు రెండు భాషలల్ల పాఠం చెప్పే పద్ధతిల శిక్షణ ఉండాలె. క్లాసుల తెలుగు మాట్లాడితే జుర్మానా వేసే బడుల మీద చర్య ఉండాలె. పరీక్షల పిల్ల తనకు వచ్చిన భాషల జవాబు రాసే వెసులుబాటు చిన్న తరగతులల్ల ఉండాలె. రాష్ట్రం వచ్చినంక వాచకాలల్ల మన కవులు వచ్చిండ్రు, మన పండుగలు వచ్చినయి, సంతోషం. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినం చేసుకున్నం. కాని ఆ పిల్ల నోట్ల ఉన్న "వస్తది"ని సారు ఎర్ర పెన్నుతోటి కొట్టేస్తున్నడా లేదా అన్నదే మాకు కావాల్సిన లెక్క.

ఇదే కొలబద్దను తండాల, గూడెంల కూడ పెట్టాలె. లంబాడా పిల్లకు మన తెలంగాణ తెలుగు కూడ రెండో భాషనే. గోండు పిల్లకూ అంతే. గోండి మాట తెలుగుకు యాస కాదు, వేరే భాష. వాళ్లకు తెలుగు రెండోది, ఇంగ్లిషు మూడోది, పుస్తకంల రెండు పేజీలూ పరాయివే. వందేండ్ల కింద గిడుగు రామమూర్తి పర్లాకిమిడిల సవర పిల్లలకు సవర భాషలనే చదువు చెప్పించేటందుకు పుస్తకాలు తయారుచేసిండు. 2004ల ఉమ్మడి రాష్ట్రంల గోండి, కోలామి, కోయ, కొండ, కువి, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా, ఈ 8 భాషలల్ల మొదటి తరగతుల చదువు మొదలైంది. తెలుగు లిపిల రాసిన వాచకాలతోటి, ఆ భాషలు వచ్చిన సార్లతోటి. అది కొన్ని బడులల్లనే నడిచింది, మొత్తం పద్ధతిని మార్చేదాకా పోలే. ఆ వాచకాలను దుమ్ము దులిపి బయటకు తీయాలె. ఆదిలాబాదు ఏజెన్సీల, నల్లమల తండాలల్ల మొదటి, రెండో తరగతులకు ఆ పిల్లల భాష వచ్చిన టీచరును పెట్టాలె. డిగ్రీ చదివి ఖాళీగ ఉన్న లంబాడా, గోండు పిల్లలు ఆ ఊర్లల్లనే ఉన్నరు. రెండు భాషల పుస్తకానికి ఆ బడులల్ల మూడో పేజీ కావాలె. ఏ ఏడాది నుంచి అచ్చేస్తరో విద్యాశాఖ చెప్పాలె.